బంతి కంటే ముందొచ్చిన మనిషి: పాస్ ఇంటర్‌ఫియరెన్స్ గొడవ ఎందుకు తెగదు?

2019 జనవరి 20. న్యూ ఆర్లీన్స్‌లోని సూపర్‌డోమ్‌లో సెయింట్స్, రామ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్లు తలపడుతున్నాయి. గెలిచినవారికి సూపర్ బౌల్‌లో, అంటే లీగ్ ఫైనల్లో చోటు. స్కోరు 20-20. ఆట ముగియడానికి ఒక నిమిషం 49 సెకన్లు మిగిలాయి. సెయింట్స్ క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్రీస్, మైదానం అంచు వెంట పరిగెడుతున్న టామీలీ లూయిస్‌కు బంతి విసిరాడు. బంతి ఇంకా గాల్లోనే ఉంది. రామ్స్ డిఫెండర్ నికెల్ రోబీ-కోల్మన్ బంతి వైపు కన్నెత్తి చూడకుండా దూసుకొచ్చి లూయిస్‌ను గుద్ది పడేశాడు. తప్పు జరిగిందని రెఫరీ విసిరే పసుపు జెండా కోసం స్టేడియమంతా లేచి నిలబడి చూసింది. జెండా పడలేదు.

సెయింట్స్ ఫీల్డ్ గోల్‌తో (బంతిని గోల్ కర్రల మధ్యకు తన్ని సంపాదించే మూడు పాయింట్లు) 23-20 ఆధిక్యం తెచ్చుకున్నా, రామ్స్‌కు కావలసినంత సమయం మిగిలింది. వాళ్లు స్కోరు సమం చేసి, అదనపు సమయంలో 57 గజాల ఫీల్డ్ గోల్ కొట్టి 26-23తో గెలిచారు. లీగ్ కార్యాలయం ఫోన్ చేసి పొరపాటు జరిగిందని ఒప్పుకున్నట్టు సెయింట్స్ కోచ్ షాన్ పేటన్ ఆ రాత్రే విలేకరులకు చెప్పారు. అభిమానులు కోర్టుకెక్కారు. వ్యవహారం లూయిజియానా రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లి అక్కడ కొట్టివేతకు గురైంది.

డాలస్‌లోనో న్యూ జెర్సీలోనో స్థిరపడి, ఆదివారాలు సహోద్యోగుల మధ్య కూర్చుని ఈ ఆట నేర్చుకుంటున్న తెలుగువారికి బాగా చికాకు పెట్టేది ఈ పాస్ ఇంటర్‌ఫియరెన్స్ నిబంధనే, అంటే గాల్లో ఉన్న బంతిని అందుకోబోయేవాణ్ణి అన్యాయంగా అడ్డుకోకూడదన్నది. టచ్‌డౌన్ అంటే ఏమిటో ఒక్క పూటలో అర్థమవుతుంది. ఒకే రకంగా కనిపించే రెండు ఢీలలో ఒకదానికి జెండా పడి, రెండోదానికి ఎందుకు పడలేదో పదేళ్లు చూసినా అంతు చిక్కదు. మామూలుగా చెప్పే కారణం "రెఫరీకి కళ్లు లేవు" అని. ఆ కారణం న్యూ ఆర్లీన్స్ ఆటకు సరిపోతుందేమో గానీ, మిగతా వివాదాల్లో చాలావాటికి సరిపోదు.

ముందు ఆట సంగతి నాలుగు మాటల్లో

దాడి చేసే జట్టుకు నాలుగు అవకాశాలుంటాయి. వాటిని డౌన్‌లు అంటారు. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకు జరిగితే మళ్లీ నాలుగు అవకాశాలు వస్తాయి. దీన్నే ఫస్ట్ డౌన్ అంటారు. బంతి పట్టుకుని పరిగెత్తవచ్చు, లేదా క్వార్టర్‌బ్యాక్ ముందుకు విసిరితే రిసీవర్ పట్టుకోవచ్చు. ఒక్కో డౌన్ మొదలయ్యే గీతను స్క్రిమేజ్ గీత అంటారు. పాస్ ఇంటర్‌ఫియరెన్స్ అనే తప్పు ఈ గీతకు ఒక గజం అవతల మొదలవుతుంది, అదీ బంతి ఆ గీత దాటి ముందుకు విసిరినప్పుడే.

బంతి గాల్లో ఉన్నప్పుడు అది ఎవరి సొత్తూ కాదు. దాన్ని అందుకునే హక్కు రిసీవర్‌కు ఎంత ఉందో డిఫెండర్‌కూ అంతే ఉంది. కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. డిఫెండర్ రిసీవర్‌ను ముట్టుకోకూడదన్న నియమం ఎక్కడా లేదు. ఇద్దరూ బంతి కోసం ఎగిరి ఒకరినొకరు గుద్దుకుంటే అది తప్పు కాదు. పరుగులో కాళ్లు పెనవేసుకుని పడిపోతే అదీ తప్పు కాదు. అవతలివాడికి బంతి అందే అవకాశాన్ని గణనీయంగా దెబ్బతీసే పని చేస్తేనే తప్పు.

ఆ పనులేమిటో నిబంధనల పుస్తకం చెబుతుంది. బంతి వైపు చూడకుండా వచ్చి గుద్దడం, వెనక నుంచి వీపు మీదుగా తోసుకుంటూ బంతి మీదికి పోవడం, చేయి పట్టి లాగడం, ఛాతీకి అడ్డంగా చేయి పెట్టి బిగించడం, నడుం దగ్గర కొక్కెం వేసినట్టు పట్టి శరీరాన్ని తిప్పేయడం, దారికి అడ్డం వచ్చి ఢీకొట్టడం. డిఫెండర్‌కు ఈ ఆంక్షలు బంతి చేయి వదిలిన క్షణం నుంచి వర్తిస్తాయి. రిసీవర్‌కు మాత్రం ఆ డౌన్ మొదలైనప్పటి నుంచే వర్తిస్తాయి. ఎవరి చేయైనా బంతికి తగిలితే అక్కడితో ఆంక్షలు ఆగిపోతాయి.

అమెరికా వృత్తి ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో డిఫెండర్ తల తిప్పి బంతిని చూడకపోవడం దానంతట అది తప్పు కాదు. తాకకుండా, ముఖం ముందు చేతులాడించి రిసీవర్ చూపుకు అడ్డం పడినా తప్పు కాదు. టీవీ ముందు కూర్చుని "తలైనా తిప్పలేదు, జెండా వెయ్యరేం?" అని అరిచేవారిలో సగం మందికి ఈ సంగతి తెలియదు. అయితే బంతిని చూస్తున్నవాడు తగిలితే పోటీలో తగిలాడని అంపైర్లు క్షమిస్తారు, చూడనివాడికి ఆ సాకు ఉండదు. అందుకే కోచ్‌లు తల తిప్పమని డిఫెండర్ల ప్రాణం తీస్తారు.

దగ్గరి చుట్టాలు: హోల్డింగ్, ఇల్లీగల్ కాంటాక్ట్

గొడవల్లో చాలా భాగం పేర్లు కలిపేయడం వల్ల వస్తాయి. డిఫెండర్ రిసీవర్ చొక్కా పట్టుకుని ఆపితే అది డిఫెన్సివ్ హోల్డింగ్. గీతకు అయిదు గజాల అవతల, బంతి ఇంకా క్వార్టర్‌బ్యాక్ చేతిలో ఉండగా, రిసీవర్‌ను తోస్తూ అడ్డుకుంటే అది ఇల్లీగల్ కాంటాక్ట్. ఈ అయిదు గజాల పరిమితి 1978లో వచ్చింది. అంతకుముందు డిఫెండర్లు రిసీవర్లను దారి పొడుగునా కుమ్ముతూ పోయేవారు. ఆ పనిలో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ ఆటగాడు మెల్ బ్లౌంట్ ఎంత దిట్ట అంటే, ఆ నిబంధనకు జనం ఆయన పేరే పెట్టారు.

ఈ రెండు తప్పులకూ అయిదు గజాలు, వాటితోపాటు ఫస్ట్ డౌన్. బంతి రిసీవర్‌కు అందేలా ఉందా లేదా అన్నదానితో వీటికి పని లేదు.

2023 ఫిబ్రవరిలో జరిగిన సూపర్ బౌల్ ఇందుకు ఉదాహరణ. చీఫ్స్, ఈగల్స్ మధ్య స్కోరు 35-35, రెండు నిమిషాల లోపే మిగిలింది. ఈగల్స్ డిఫెండర్ జేమ్స్ బ్రాడ్‌బెరీ, చీఫ్స్ రిసీవర్ జూజూ స్మిత్-షుస్టర్ చొక్కా లాగాడని జెండా పడింది. బంతి అతన్ని దాటి దూరంగా పోయింది కదా, జెండా ఎలా వేస్తారని ఈగల్స్ అభిమానులు మండిపడ్డారు. కానీ వేసింది హోల్డింగ్ జెండా, దానికి ఆ ప్రశ్నే వర్తించదు. చీఫ్స్ 38-35తో గెలిచారు. ఆట అయ్యాక బ్రాడ్‌బెరీయే, తాను చొక్కా లాగిన మాట నిజమేనని, చూసీ చూడనట్టు వదిలేస్తారని ఆశపడ్డానని ఒప్పుకున్నాడు. ఈ వివాదాలన్నిటిలో నాకు నచ్చిన మాట అదే. రెఫరీ ఎక్కడ వదిలేస్తాడో అంచనా వేసుకుని ఆడడం డిఫెండర్ల వృత్తిలో భాగం.

ఒకే విసురు, నాలుగు ఫలితాలు

ఇంత రచ్చ ఎందుకో తెలియాలంటే శిక్ష లెక్క చూడాలి. వంద గజాల మైదానంలో ఒక జట్టు తన వైపు 30 గజాల గీత దగ్గర ఉంది, మూడో డౌన్, ఇంకా 8 గజాలు కావాలి అనుకుందాం. క్వార్టర్‌బ్యాక్ 45 గజాల అవతలికి పొడవైన బంతి విసిరాడు. అక్కడ, అంటే ప్రత్యర్థి 25 గజాల గీత దగ్గర, ఇద్దరు తగులుకున్నారు. బంతి నేల పాలైంది.

జెండా పడకపోతే సంపాదన సున్నా. నాలుగో డౌన్‌లో బంతిని అవతలికి తన్ని ఇచ్చేయాల్సిందే. హోల్డింగ్ అంటే బంతి 35 గజాల గీతకు జరుగుతుంది, ఫస్ట్ డౌన్. డిఫెండర్ పాస్ ఇంటర్‌ఫియరెన్స్ చేశాడంటే, తప్పు జరిగిన చోటే బంతి పెడతారు. అంటే ఒక్క జెండాతో 45 గజాలు, పైగా ఫస్ట్ డౌన్. రిసీవరే తోశాడంటే పది గజాలు వెనక్కి, మూడో డౌన్ మళ్లీ ఆడాలి, ఈసారి 18 గజాలు కావాలి. తప్పు ఎండ్ జోన్‌లో (బంతి చేరితే టచ్‌డౌన్ అయ్యే మైదానం చివరి భాగం) జరిగితే బంతిని ఒక గజం గీత మీద పెడతారు, అక్కడినుంచి టచ్‌డౌన్ దాదాపు చేతికందినట్టే.

సగం సెకనులో, కదులుతున్న రెండు శరీరాలను చూసి ఒక మనిషి వేసే అంచనా మీద సున్నాకూ 45 గజాలకూ మధ్య తేడా ఆధారపడి ఉంది. ఈ ఆటలో మరే జెండాకూ ఇంత బరువు లేదు.

కళాశాలల ఫుట్‌బాల్‌లో పద్ధతి వేరు. అక్కడ డిఫెండర్ తప్పుకు శిక్ష 15 గజాలు మించదు. ఎన్‌ఎఫ్‌ఎల్ కూడా అదే పాటించాలని చాలామంది అంటారు. వాళ్ల వాదనలో పస ఉంది. కొందరు క్వార్టర్‌బ్యాక్‌లు పొడవైన బంతిని కావాలనే కాస్త తక్కువ దూరం విసురుతారు. రిసీవర్ వెనక్కి ఆగుతాడు, వెంటపడి వస్తున్న డిఫెండర్ ఆపుకోలేక మీద పడతాడు, జెండా పడుతుంది. చెడ్డ విసురుకు నలభై గజాల బహుమతి. రెండో పక్షం వాదన కూడా తీసిపారేయదగ్గది కాదు. శిక్ష 15 గజాలే అయితే, రిసీవర్ తనను దాటి పోయాడని తెలిసిన డిఫెండర్ ఏం చేస్తాడు? నిక్షేపంగా వాణ్ణి పట్టి పడేస్తాడు. టచ్‌డౌన్ ఇచ్చుకోవడం కంటే 15 గజాలు చవక. కళాశాల ఆటల్లో ఈ బేరం నిజంగానే కనిపిస్తుంది.

అందే బంతా, అందని బంతా?

నిబంధనలో అన్నిటికంటే జారుడు మాట ఇది. విసిరిన బంతి ఎలాగూ ఎవరికీ అందదని స్పష్టంగా తేలితే, తాకిడి ఎంత ఘోరంగా ఉన్నా పాస్ ఇంటర్‌ఫియరెన్స్ కాదు. 2013 నవంబరు 18న పేట్రియట్స్, పాంథర్స్ ఆటలో చివరి బంతి. పాంథర్స్ 24-20తో ముందున్నారు. టామ్ బ్రేడీ ఎండ్ జోన్‌లోకి బంతి విసిరాడు. వెనక భాగంలో ఉన్న రాబ్ గ్రాంకౌస్కీని ల్యూక్ కీక్లీ రెండు చేతులతో చుట్టేసి పట్టుకున్నాడు. గ్రాంకౌస్కీ ముందు మరో డిఫెండర్ బంతిని చేజిక్కించుకున్నాడు. జెండా పడింది. అంపైర్లు గుమిగూడి మాట్లాడుకుని, జెండా తీసేశారు. ఆట అయిపోయింది.

బంతి తక్కువ దూరం పడింది, గ్రాంకౌస్కీ దాకా రాలేదు, అందువల్ల అతనికి నష్టం లేదన్నది అంపైర్ల వాదన సారం. పేట్రియట్స్ అభిమాని అడిగేది ఒక్కటే: కీక్లీ వదిలేసి ఉంటే గ్రాంకౌస్కీ ముందుకు వచ్చి ఆ బంతి కోసం పోటీ పడేవాడు కదా? ఆరడుగుల ఆరంగుళాల మనిషి! రాగలిగేవాడా, లేదా? జరగని దాని గురించి ఎవరు చెప్పగలరు?

మన క్రికెట్‌లో దీనికి దగ్గర పోలిక ఎల్‌బీడబ్ల్యూ. కాలికి తగలకపోతే బంతి వికెట్లను కొట్టేదా అన్నది కూడా జరగని సంగతే. కానీ బంతికి బుద్ధి లేదు. అది ఏ దారిన పోతుందో భౌతికశాస్త్రం చెబుతుంది, కంప్యూటర్ గీత గీస్తుంది, అప్పటికీ తేలనిచోట "అంపైర్స్ కాల్" అని వదిలేస్తాం. రిసీవర్ బంతి కాదు. ఎంత ఎగురుతాడో, ఎంత వేగం పెంచుతాడో, వేలికొసలతో ఎంత అందుకుంటాడో లెక్కగట్టే యంత్రం లేదు. ఎన్ని కెమెరాలు పెట్టినా అవి చూపేది జరిగినదాన్నే. పాస్ ఇంటర్‌ఫియరెన్స్ అడిగేది జరగకుండా పోయినదాన్ని.

రిసీవర్ తోసినప్పుడు

డిఫెండరే దోషి అనుకోవడం పొరపాటు. చేయి చాచి డిఫెండర్‌ను తోసి జాగా చేసుకునే రిసీవర్లు ప్రతి ఆటలో ఉంటారు. 2012 సెప్టెంబరు 24న సియాటిల్‌లో జరిగింది ఇదే. లీగ్‌కూ రెఫరీల సంఘానికీ జీతభత్యాల తగవు నడుస్తోంది, మైదానంలో ఉన్నది తాత్కాలిక రెఫరీలు. ప్యాకర్స్ 12-7తో ముందున్నారు. చివరి బంతిని రస్సెల్ విల్సన్ ఎండ్ జోన్‌లోకి ఎత్తి విసిరాడు. సీహాక్స్ రిసీవర్ గోల్డెన్ టేట్ తన ముందున్న శామ్ షీల్డ్స్‌ను రెండు చేతులతో తోసి పడేసి, మరో డిఫెండర్‌తో కలిసి బంతి మీద పడ్డాడు. టచ్‌డౌన్ అన్నారు. సియాటిల్ 14-12తో గెలిచింది.

బంతి ఎవరిదన్న గొడవలో జనం ఆ తోపును మరచిపోయారు గానీ, లీగ్ మరచిపోలేదు. ఆ తోపుకు జెండా పడాల్సిందని, పడి ఉంటే ఆట అక్కడే ముగిసేదని మర్నాడు ప్రకటించింది. అయితే అప్పటి నిబంధనల ప్రకారం ఆ తప్పును వీడియోలో సమీక్షించే వీలు లేదు. మరో రెండు రోజుల్లోనే రెఫరీలతో ఒప్పందం కుదిరింది.

ఇలాంటి ఆఖరి క్షణం ఎత్తు విసుర్లకు అలిఖిత నియమం ఒకటుంది. ఎండ్ జోన్‌లో అరడజను మంది ఒకేసారి ఎగురుతారు, అందరూ అందరినీ తోస్తారు. పుస్తకం ప్రకారం చూస్తే నాలుగు జెండాలు వేయవచ్చు. మరీ మొరటుగా లేకపోతే ఎవరూ వేయరు.

ఒక్క ఏడాది బతికిన సంస్కరణ

న్యూ ఆర్లీన్స్ గాయం తర్వాత 2019 మార్చిలో జట్ల యజమానులు ఓటేశారు. 31-1. సిన్సినాటి బెంగాల్స్ ఒక్కటే వ్యతిరేకం. పాస్ ఇంటర్‌ఫియరెన్స్ జెండాలనే కాక, పడని జెండాలను కూడా వీడియోలో సమీక్షించవచ్చని, ఒక ఏడాది ప్రయోగంగా, ఆమోదించారు. కోచ్‌లు సవాలు చేయవచ్చు, ఆఖరి రెండు నిమిషాల్లో సమీక్ష అధికారులే చూసుకుంటారు. కాగితం మీద చక్కగా ఉంది.

ఆచరణలో బోర్లా పడింది. మైదానంలో ఇచ్చిన నిర్ణయం స్పష్టంగా, నిస్సందేహంగా తప్పని తేలితేనే మార్చాలన్నది కొలమానం. పాదం గీత తొక్కిందా అన్నదానికి ఆ కొలమానం సరిపోతుంది. "గణనీయంగా దెబ్బతీసిందా" అన్నదానికి ఎలా సరిపోతుంది? నవంబరులో బాల్టిమోర్‌లో జరిగిన ఆటలో టెక్సన్స్ రిసీవర్ డియాండ్రే హాప్కిన్స్‌ను ఎండ్ జోన్ దగ్గర బంతి రాకముందే మార్లన్ హంఫ్రీ పట్టేసుకున్నాడు. జెండా లేదు. కోచ్ సవాలు చేశాడు. నిదానంగా తిప్పి తిప్పి చూసి కూడా న్యూయార్క్‌లోని సమీక్ష కేంద్రం నిర్ణయం మార్చలేదు. అంతకు మించిన తప్పు ఎలా ఉంటుందో చెప్పమని వ్యాఖ్యాతలు తలలు బాదుకున్నారు. మరోవైపు నిదాన చిత్రంలో చూస్తే చిన్న స్పర్శ కూడా ఘోరమైన దాడిలా కనిపిస్తుంది. దాన్ని నమ్మి తిప్పేస్తే అదో రగడ. కోచ్‌లు సవాలు చేయడమే దండగని వదిలేసే స్థితి వచ్చింది. 2020కి ఆ నిబంధనను ఎవరూ పొడిగించలేదు.

కెనడా లీగ్‌లో మాత్రం కోచ్‌లు పాస్ ఇంటర్‌ఫియరెన్స్‌ను సవాలు చేసే వీలు 2014లోనే వచ్చింది. కాబట్టి ఎన్‌ఎఫ్‌ఎల్ వైఫల్యం ఆ ఆలోచనదా, అమలు తీరుదా అన్న చర్చ ఇంకా ఉంది. సమీక్ష కేంద్రం మొదటి వారాల నుంచే కొలమానాన్ని మరీ బిగించిందని ఒక వర్గం అంటుంది. అది కొంతవరకు నిజమే అనిపిస్తుంది. కానీ సడలించి ఉంటే ప్రతి పొడవైన విసురు తర్వాతా ఆట ఆగేది. ఏడుగురు అంపైర్లలో ఎక్కువమంది వేరే ఉద్యోగాలు చేసుకుంటూ వచ్చేవారేనని, వారిని పూర్తికాలం నియమించాలని మరో వర్గం అడుగుతుంది. ఆకాశంలోంచి చూసినట్టు టీవీ తెరల ముందు ఒక అంపైర్‌ను కూర్చోబెట్టాలన్నది మూడో ప్రతిపాదన. 2019లో కొద్ది వారాలకే మూతపడిన అలయన్స్ లీగ్ దాన్ని పాటించింది కూడా. ఘోరమైన పొరపాట్లను ఇది ఆపగలదు, న్యూ ఆర్లీన్స్ ఢీని అయిదు సెకన్లలో సరిదిద్దేది. గ్రాంకౌస్కీ ప్రశ్నకు మాత్రం ఆ తెరల ముందు కూర్చున్నవాడి దగ్గరా జవాబుండదు.

కుట్ర మాటేమిటి?

రెఫరీలు పెద్ద జట్ల వైపు మొగ్గుతారన్న ఆరోపణ ప్రతి సీజన్‌లో వినిపిస్తుంది. ఈమధ్య వేలు ఎక్కువగా చీఫ్స్ వైపే చూపిస్తోంది. 2024 సెప్టెంబరులో బెంగాల్స్‌తో ఆటలో, నాలుగో డౌన్, 16 గజాలు కావలసినచోట, చీఫ్స్‌కు పాస్ ఇంటర్‌ఫియరెన్స్ జెండా దక్కింది. ఆ ఊపుతో 26-25తో గెలిచారు. ఆరోపణ చేసేవారు దీన్ని ఏకరువు పెడతారు. 2023 డిసెంబరులో ప్యాకర్స్ మీద, ఆఖరి నిమిషాల్లో చీఫ్స్ రిసీవర్ మార్కెజ్ వాల్డెస్-స్కాంట్లింగ్ మీద డిఫెండర్ ఎక్కేసినా జెండా పడలేదు. చీఫ్స్ 27-19తో ఓడారు. దాన్ని అదే నోటితో ఎవరూ చెప్పరు. రెండు సంఘటనలు కలిపి చూసినా కుట్ర ఉందనీ తేలదు, లేదనీ తేలదు. ఎవరికి ఏది గుర్తుంటుందో మాత్రం తెలుస్తుంది.

2022 సూపర్ బౌల్‌లో రెండో సగం మొదటి బంతికే బెంగాల్స్ రిసీవర్ టీ హిగిన్స్, రామ్స్ డిఫెండర్ జేలెన్ రామ్సీ హెల్మెట్ జాలీని పట్టి లాగి, 75 గజాల టచ్‌డౌన్ కొట్టాడు. జెండా లేదు. వీడియో సమీక్షకు ఒంటరిగా ఎదురు ఓటేసిన జట్టుకు ఆ రోజు సమీక్ష లేకపోవడమే కలిసొచ్చింది. అయినా చివరికి రామ్స్ 23-20తో గెలిచారు.

ఇక న్యూ ఆర్లీన్స్‌లో మొదలైన కథకు చిన్న తోక ఒకటుంది. బంతి కంటే ముందే వెళ్లి గుద్దానని రోబీ-కోల్మన్ ఆ సాయంత్రమే విలేకరుల ముందు ఒప్పుకున్నాడు. జెండా పడని ఆ ఢీకే, హెల్మెట్‌తో హెల్మెట్‌ను కొట్టినందుకు, లీగ్ ఆ తర్వాత అతనికి 26,739 డాలర్ల జరిమానా వేసింది. స్కోరు 26-23గానే ఉండిపోయింది.